గానుగ మేడలో దక్షిణ వాటా

నవంబరు 4, సోమవారం

నా పేరు కోటిరత్నం. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే ఎదురింటి లిడియా రాస్తోంది. లిడియా అంగన్‌వాడీ టీచరు. పిల్లలు వెళ్ళిపోయాక సాయంత్రం వచ్చి కూర్చుంటుంది. నా మాటలను పుస్తకంలో మాటల్లాగా సర్దుకుని రాస్తుంది. సర్దుకోనిచ్చాను.

రాయించమన్నది మా లాయరమ్మ ప్రమీలారాణి. "రోజూ ఏం జరిగిందో రాయించి పెట్టుకోండి మామ్మగారూ. కోర్టులో అడిగినప్పుడు వరస తప్పకుండా చెప్పొచ్చు. ఎవరికీ చూపించక్కర్లేదు, మీ కోసమే" అంది. నేను వరస ఎప్పుడు తప్పానని అడిగాను. ఆమె నవ్వి ఫైలు మూసేసింది.

ముందు కేసు ఏమిటో రాయమన్నాను.

"అది మీకు తెలిసిందే కదా పెద్దమ్మా" అంది లిడియా.

తెలిసినా రాయాలి. నాకు తెలిసినట్టుగా ఒకచోట ఉండాలి.

మా ఇల్లు తిరుగుతుంది. తెనాలి నుంచి నందివెలుగు వెళ్ళే దారి పక్కన ఉంది. ఉత్తరం వైపు రోడ్డు. మా ఆయన పేరు నేను పలకను, లిడియా రాస్తుంది: నాగమల్లేశ్వరరావు. రైసు మిల్లులకు యంత్రాలు బిగించేవాడు. చేతిలో డబ్బు ఆడిన రోజుల్లో మద్రాసు నుంచి ఒక ఆర్కిటెక్టును పిలిపించి గుండ్రటి తెల్లమేడ గీయించాడు. చుట్టూ అద్దాలు, ఇనప గొట్టాల రెయిలింగు. బీరువా వీపు ఆనించడానికి తిన్నటి గోడ లేదు. ఆ మేడను గుండ్రటి ఇనప పట్టా మీద, చక్రాల మీద నిలబెట్టాడు. కింద గుంట గదిలో మోటారు ఉంది. స్విచ్చి వేస్తే గదులు, వరండా, మెట్లతో సహా ఇల్లంతా మెల్లగా తిరుగుతుంది. అన్నం వండి వార్చేలోపు పావు చుట్టు. ఊళ్ళో వాళ్ళు గానుగ మేడ అని పేరు పెట్టారు. మరి ఎద్దు ఎవరురా అని ఆయన నవ్వేవాడు.

ఆయన, తమ్ముడు బసవలింగం వేరుపడినప్పుడు ఇంటికి నడిమిన గోడ లేపి రెండు వాటాలు చేసుకున్నారు. పోర్టికో, హాలు ఉన్న సగం మాకు. వెనక సగం వాళ్ళకు. దస్తావేజు రాసే పెద్దమనిషి అందరి పంపకాల్లో రాసినట్టే పెద్దవాడికి దక్షిణపు సగం, చిన్నవాడికి ఉత్తరపు సగం అని రాసేశాడు. ఆ రోజు పోర్టికో దక్షిణానికి ఉంది. అందరూ సంతకాలు పెట్టారు, నేను వేలిముద్ర వేశాను. ఇల్లు తిరుగుతుందని అక్కడున్న అందరికీ తెలుసు. ఒక్కరికీ తోచలేదు.

అన్నదమ్ములు ఇద్దరూ పోయారు. నేను, నా తోడికోడలు శేషారత్నం మిగిలాం. ఆమె అల్లుడు రమేష్ బాబు రేపల్లెలో ఉంటాడు. ఆమె పేరు మీద దావా వేశాడు. పోర్టికోను రోడ్డు వైపు తిప్పి, చక్రాలకు వెల్డింగు పెట్టించి, ఇదిగో ఉత్తరపు సగం, దస్తావేజు ప్రకారం ఇది మా అత్తగారిది అంటాడట. దాన్ని బిర్యానీ హోటలు వాళ్ళకు అమ్ముతాడట. నేను వెనక సగంలోకి పోవాలట.

కోర్టు ఒక కమిషనర్‌ను వేసింది. ఆయన ఈ నెల ముప్పయ్యో తారీకున వచ్చి ఇల్లు ఎటున్నది అటు రాసుకుపోతాడు. ఆ రోజున నా గదులు దక్షిణాన ఉండాలి. అంతే నా కేసు.

నవంబరు 5

నిన్న ఒకటి మరిచాను. దావా పడినప్పటి నుంచి శేషారత్నానికీ నాకూ మాటల్లేవు. కోర్టుకెక్కిన వాళ్ళు మాట్లాడుకోరు. నిప్పు, నీళ్ళు, కూర గిన్నె ఏవీ గోడ దాటవు. ఎదురుపడితే ముఖం తిప్పుకోవాలి. మా వైపు అందరూ చేసేది ఇదే. మాట్లాడితే కేసు మీద పట్టు లేదనుకుంటారు.

నాకేమీ ఇబ్బందిగా లేదు.

నవంబరు 7

ఇప్పటి నుంచే ఇంటిని దక్షిణానికి పెట్టి ఉంచమంది లాయరమ్మ. ఆ రోజు కోసం తిప్పారని వాళ్ళు అనకూడదట. పొద్దున గుంట గదిలోకి దిగి, పోర్టికో సరిగ్గా దక్షిణానికి వచ్చేదాకా తిప్పి ఆపాను.

ఈ కార్తీక మాసంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. రోజంతా నా గదుల్లో ఎండే. నా మోకాళ్ళకు సుఖంగా ఉంది. వెనక వాటాకు చుక్క ఎండ లేదు. అది నేను చేసింది కాదు.

నవంబరు 9

పక్క వాటాలో దగ్గు. నేను వినడం లేదు. వినబడుతోంది.

నవంబరు 12, మంగళవారం

తెనాలి వెళ్ళి లాయరమ్మను కలిసి వచ్చాను. ఆటో దిగి చూస్తే నా మెట్లు నేను వదిలిన చోట లేవు. పడమటి వైపున ఉన్నాయి. నేను ఊళ్ళో లేనిది చూసి శేషారత్నం ఇంటిని తిప్పేసింది. తూర్పుకు వచ్చిన తన వరండా రెయిలింగు నిండా దుప్పట్లు ఆరేసి ఉన్నాయి.

లిడియా అప్పుడే గేటు దగ్గరకు వచ్చింది. మాట్లాడకూడదు కాబట్టి లిడియాతోనే చెప్పాను.

"లిడియా, దొంగతనంగా ఇల్లు తిప్పితే పోలీసులు పట్టుకుపోతారని ఆవిడ గారితో చెప్పవే."

శేషారత్నం వరండాలోకి వచ్చింది. ఆమె కూడా లిడియా వైపే చూసింది.

"లిడియమ్మా, సొంత ఇంట్లో దుప్పటి ఆరేసుకుంటే దొంగతనం ఎట్లా అవుతుందో అడుగు."

"దావా వేసినప్పుడు దుప్పట్లు గుర్తుకు రాలేదా అని అడుగు."

"దావా వేసింది ఎవరో ఆవిడకు తెలుసని చెప్పు."

"సంతకం ఎవరిదో నాకు తెలుసని చెప్పు."

"నేను సంచి ఇంట్లో పెట్టొస్తానండి, మీరిద్దరూ కానివ్వండి" అని లిడియా వెళ్ళిపోయింది. తర్వాత అనడానికి మనిషి లేదు. ఇద్దరం లోపలికి పోయాం.

నేను మళ్ళీ దిగి ఇంటిని దక్షిణానికి తెచ్చాను.

నవంబరు 13

గుంట గదికి కొత్త తాళం వేశాను. పాత తాళానికి ఇద్దరి దగ్గరా చెవులు ఉండేవి. దీనికి నా దగ్గరే. గుంట గది ఎవరి వాటాలోకి వస్తుందో లాయరమ్మను అడగలేదు. అడిగితే చెబుతుంది.

నవంబరు 16, శనివారం

రమేష్ బాబు కారులో వచ్చాడు. ముందు నా మెట్లెక్కాడు. చేతిలో బత్తాయిలు.

"పెద్దత్తయ్యగారూ, ఆరోగ్యం ఎట్లా ఉందండి?"

"నువ్వు అనుకున్నంత పాడుగా లేదు."

అతను కూర్చోమనకుండానే కూర్చున్నాడు. చుట్టూ చూశాడు. గదులను కొలుస్తున్న చూపు అది.

"ఈ వయసులో మెట్లెక్కి దిగడం ఎందుకండి? బాపట్లలో మావాడి ఫ్లాటు ఉంది. సముద్రపు గాలి. లిఫ్టు కూడా ఉందండి."

"ఆ ఫ్లాటు తిరుగుతుందా?"

"ఫ్లాట్లు తిరగవండి."

"కట్టడం చేతకాక వదిలేసి ఉంటారు."

నవ్వాడు. కోపం వచ్చినప్పుడు నవ్వే మనిషి. లేచి ఫోనుతో మెట్లను, పోర్టికోను, గుంట గది తాళాన్ని ఫొటోలు తీసుకున్నాడు. వెనక వాటాలో చాలాసేపు ఉన్నాడు. వెళ్ళేటప్పుడు అతని చేతిలో ఉన్నవి శేషారత్నం సంతకం పెట్టిన కాగితాలో, ఖాళీ కాగితాలో నాకు తెలియదు.

బత్తాయిలు లిడియాను తీసుకుపొమ్మన్నాను.

నవంబరు 18

ఇది కేసుకు పనికొస్తుందో లేదో. వరండాలో బియ్యం ఏరుకుంటున్నాను. శేషారత్నం ఫోనులో మాట్లాడుతోంది. ఆమెకు చెవి మందం కాబట్టి ఫోను గట్టిగా పెడుతుంది. అవతల రేపల్లె నుంచి కూతురు దుర్గాభవాని.

"ఇల్లు అమ్మేశాక నువ్వు ఇక్కడికే కదమ్మా వచ్చేది. వెనక గది సర్దాం. మంచం వేయించాను."

"ఆ గదిలో ఇన్వర్టరు ఉంటుంది కదే."

"ఉంటే ఏమవుతుంది? అది నిన్నేమైనా చేస్తుందా?"

"కిటికీ లేదు."

"ఫ్యాను ఉందిగా."

"నేను రాను. ఇల్లు కదలకుండా చేస్తారని మీ ఆయన నాకు చెప్పలేదు. వాటా పేరు సరిచేయాలి, సంతకం పెట్టమన్నాడు, పెట్టాను."

"పెట్టావు కదా. ఇప్పుడు ఆయన్ని అబద్ధాలవాణ్ణి చేస్తావా?"

శేషారత్నం ఫోను పెట్టేసింది.

దొంగ ఏడుపు అని రాయమన్నాను. లిడియా రాసింది. కొట్టెయ్యమన్నాను.

"ఎందుకు పెద్దమ్మా?"

"ఏడవలేదు. ఏడిస్తే వినబడేది."

నవంబరు 19

నిద్ర చాలలేదు. శేషారత్నం వేటపాలెం నుంచి కాపురానికి వచ్చిన రోజు గుర్తుకొచ్చింది. కొత్తకోడలికి చూపించాలని మా ఆయన మోటారు వేశాడు. కిటికీలోంచి కనబడుతున్న చెట్లు జరిగిపోతుంటే ఆ పిల్ల వాంతి చేసుకుంది. పట్టుచీర అంతా పాడయింది. నేను వెళ్ళి మోటారు ఆపి, ఆమె తల పట్టుకుని కూర్చున్నాను. "అక్కా, ఇది ఎప్పటికైనా ఆగుతుందా?" అని అడిగింది. ఆపానే పిల్లా, ఆగే ఉందని చెప్పాను. ఆగిందని నమ్మడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. తర్వాత తర్వాత ఇల్లు ఆగితే ఆమెకే తోచేది కాదు.

ఇది కేసుకు సంబంధం లేదు.

నవంబరు 20

మోటారు ఆడకపోతే తుప్పు పడుతుంది. మా ఆయన చెప్పేవాడు. అందుకని పొద్దున్నే కాస్త తిప్పి, మధ్యాహ్నానికి మళ్ళీ దక్షిణానికి తెచ్చాను. ఎండ ఎవరి వాటాలో పడిందో నేను చూడలేదు.

నవంబరు 21

మోటారుకు నూనె పోసి తిప్పాను. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా.

నవంబరు 24

మోటారు.

నవంబరు 25

మోటారు. దగ్గు తగ్గింది. నేను అడగలేదు.

నవంబరు 27, బుధవారం

లాయరమ్మ పిలిపించి కేకలేసింది. రమేష్ బాబు కోర్టులో ఫొటోలు వేశాడు. ఒకదాంట్లో నా పోర్టికో దక్షిణాన ఉంది, ఇంకోదాంట్లో పడమట ఉంది. ఎదురుగా ఉన్న టీకొట్టు నుంచి ఎవరి చేతనో తీయించాడట. ఈవిడ తన ఇష్టం వచ్చినట్టు తిప్పుకుంటోంది, తాళం కూడా తనే వేసుకుంది అన్నాడట.

"ఎవరికోసం తిప్పారు మామ్మగారూ? నేను కదపొద్దని చెప్పాను కదండీ."

"మోటారు కోసం."

ఆమె నా ముఖం వైపు చూసింది. నేను ఆమె గోడ మీద క్యాలెండరు చూశాను.

"సరే. ఇప్పుడు వినండి. మీరు తాళం వేశారు కాబట్టి, కమిషనర్ వచ్చే రోజు గుంట గది తెరిచి పెట్టాలని కోర్టు చెప్పింది. వాళ్ళ మనిషి కూడా లోపలికి వెళ్ళి చూడొచ్చు. కాదనడానికి మనకు వీల్లేదు. ఆ రోజు ఇల్లు ఎటుంటే అటు రాసేస్తారు. పోర్టికో ఉత్తరానికి ఉందని ఆ రిపోర్టులో పడితే, ఆ తర్వాత నేను ఎంత వాదించినా కష్టమండి."

ఇంటికి వచ్చి పోర్టికోను దక్షిణానికి పెట్టాను. ఇక కదపను. దగ్గినా కదపను.

నవంబరు 29

దగ్గు. కదపలేదు.

నవంబరు 30, శనివారం

ఇవాళ్టిది అంతా రాయాలి. లిడియా సెలవు పెట్టి పొద్దున్నుంచీ ఇక్కడే ఉంది. కాబట్టి ఆమె చూసింది ఆమెకు తెలుసు. రాయాల్సింది మాత్రం నేను చెప్పింది.

కమిషనర్ పేరు యశ్వంత్. లాయరే. మీసం సరిగా రాని మనిషి. మర్యాదగా చెప్పులు మెట్ల కింద విడిచి పైకి వచ్చి, ఫోనులో దిక్కులు చూసే ముల్లు పెట్టుకుని, "పోర్టికో దక్షిణం" అన్నాడు. నా గుండె కుదుటపడింది. రాసుకోబోయాడు.

రమేష్ బాబు అడ్డం పడ్డాడు. "సార్, ముందు హద్దులు కొలవాలి కదండీ. స్థలం తేలకుండా ఇల్లు రాస్తే మేము అభ్యంతరం పెట్టాల్సి వస్తుంది."

కమిషనర్ లాయరమ్మ వైపు చూశాడు. కొలుచుకోండి అంది ఆమె. అందరూ టేపు పట్టుకుని కాంపౌండు గోడ వెంట వెనక మూలకు పోయారు. గుంట గదిలోకి రమేష్ బాబు తెచ్చిన ఎలక్ట్రీషియన్ అభిషేక్ దిగాడు. మోటారు చూస్తాడట.

నేను వరండాలో కుర్చీలో ఉన్నాను. ఎదురుగా జామచెట్టు. చూస్తూ ఉండగా అది పక్కకు జరిగింది. నా పాదాల మీద ఉన్న ఎండ మడమల దగ్గరకు వెళ్ళింది.

ఈ ఇల్లు కదిలితే బయట నిలబడిన వాళ్ళకు వెంటనే తెలియదు. లోపల ఉన్నవాళ్ళకు తెలుస్తుంది. వాళ్ళు చివరి మూల టేపు చదువుకుంటున్నారు. రమేష్ బాబు ఒక్కో అడుగూ రెండుసార్లు కొలిపిస్తున్నాడు. నేను కేకేశాను. నా గొంతు ఒకప్పుడు మిల్లు చప్పుడు దాటి వినబడేది. ఇప్పుడు గేటు దాకా పోలేదు. లిడియాను పరిగెత్తించాను. ఆమె లాయరమ్మను పిలిచే లోపల రమేష్ బాబు ఎదురొచ్చి, "పెద్దవాళ్ళకు కంగారు ఎక్కువండి, ఒక్క నిమిషం" అని ఆపేశాడు.

నేను మెట్లు దిగి గుంట గది తలుపు దగ్గరకు పోయాను. లోపల గడియ. బాదాను. "చెక్ చేస్తున్నానండి" అంటాడు లోపల నుంచి. మళ్ళీ పైకి ఎక్కాను. నా మోకాళ్ళకు ఆ మెట్లు ఎక్కడం ఏమిటో నాకే తెలుసు. నడి గోడ కింద నూనె పోసే కంత ఉంది. రెండు వాటాల వాళ్ళకూ చెయ్యి పడుతుంది. మూత తీసి చూస్తే కింద పళ్ళ చక్రం తిరుగుతూ కనబడుతుంది. అందులోంచి అభిషేక్‌ను నాలుగు తిడదామని వంగాను.

కంతకు అవతలి వైపు ఎవరో అప్పటికే వంగి ఉన్నారు. ఎవరో నేను చూడలేదు. దగ్గు వినబడింది. దగ్గు ఎవరికైనా వస్తుంది.

తర్వాత బరువైనదేదో కిందపడింది. రాతిని చెరకులాగా నమిలిన చప్పుడు. ఇల్లంతా ఒక్కసారి వణికింది. వంటింట్లో గిన్నెలు రాలాయి. ఇల్లు ఆగిపోయింది.

అందరూ పరిగెత్తుకొచ్చారు. అభిషేక్ గడియ తీసుకుని బయటకొచ్చాడు. అతని ముఖంలో నెత్తురు లేదు. "వెయ్యమంటే వేశానండి. నేనేం చెయ్యలేదు సార్" అని కమిషనర్‌తో అన్నాడు. వెయ్యమన్నది ఎవరని కమిషనర్ అడిగితే అతను రమేష్ బాబు బూట్ల వైపు చూశాడు.

పళ్ళ చక్రంలో నల్లరాతి పచ్చడి బండ రెండు ముక్కలై ఇరుక్కుని ఉంది. చక్రం పళ్ళు సగం ఊడిపోయాయి. మా ఆయన దగ్గరుండి పోత పోయించిన చక్రం అది.

"ఎవరిదిది?" అన్నాడు రమేష్ బాబు. ఈసారి నవ్వలేదు. "ఇది ఆస్తి ధ్వంసం సార్. కమిషనర్ ఉండగా. ఇప్పుడే స్టేషనుకు వెళ్ళి కేసు పెడతాను. ఎవరైనా సరే వదలను."

శేషారత్నం తన వైపు తలుపులోంచి బయటకు వచ్చింది. చేతులు కొంగుతో తుడుచుకుంటోంది. నోరు తెరిచింది.

"నాదే" అన్నాను నేను.

అందరూ నా వైపు తిరిగారు.

"నూనె పోస్తుంటే చేతిలోంచి జారింది."

"నూనె పోసేటప్పుడు పచ్చడి బండ ఎందుకండి పెద్దత్తయ్యగారూ?"

"ఆ చేత్తో నూనె, ఈ చేత్తో పచ్చడి. నీకు వంట వచ్చా?"

కమిషనర్ కలం ఆపాడు. "మామ్మగారూ, ఆలోచించి చెప్పండి. నేను ఇది రిపోర్టులో రాయాలి. మీకు ఇబ్బంది అవుతుంది."

"రాసుకో బాబూ. కోటిరత్నం బండ అని రాసుకో."

లాయరమ్మ కళ్ళు మూసుకుంది.

శేషారత్నం నా వైపు చూసింది. ముఖం తిప్పుకోవాలి కదా, తిప్పుకోలేదు. నేనే తిప్పుకున్నాను.

కమిషనర్ మళ్ళీ ముల్లు చూశాడు. చాలాసేపు చూశాడు. అటు నడిచి, ఇటు నడిచి చూశాడు. పోర్టికో సరిగ్గా పడమటికి ఆగింది. వెనక వాటా తూర్పుకు. నడి గోడ ఉత్తర దక్షిణాలుగా గీత గీసినట్టు నిలబడింది.

"అమ్మా, ఇందులో ఉత్తరపు సగం ఏది?" అని లాయరమ్మను అడిగాడు.

"లేదు సార్" అంది ఆమె. "దక్షిణపు సగం కూడా లేదు. దస్తావేజులో తూర్పు పడమరల ప్రస్తావనే లేదండి."

"బాగు చేయించి తిప్పుతాను" అన్నాడు రమేష్ బాబు.

"కమిషనర్ గారు చూసినదాన్ని కోర్టు అనుమతి లేకుండా కదిపితే ఏమవుతుందో మీ లాయరు గారిని అడగండి. మీ మనిషి మోటారు ఎందుకు వేశాడో కూడా అక్కడే మాట్లాడుకుందాం."

కమిషనర్ ఉన్నది ఉన్నట్టు రాసుకుని, చెప్పులు వేసుకోబోతే అవి ఒకచోట, మెట్లు ఒకచోట ఉన్నాయి. వట్టి కాళ్ళతో నడిచి వెళ్ళి తెచ్చుకున్నాడు.

అందరూ వెళ్ళాక లాయరమ్మను అడిగాను, ఇది ఎప్పటికి తేలుతుందని.

"ఇప్పట్లో తేలదు మామ్మగారూ. తేలేదాకా ఎక్కడి వాళ్ళు అక్కడే. మీరూ, ఆవిడా."

"ఆవిడ సంగతి నేను అడగలేదు."

"లేదండి, నేనే చెప్పాను."

డిసెంబరు 1, ఆదివారం

ఇల్లు కదల్లేదు. ఇక కదలదు. పొద్దున లేవగానే కాళ్ళ కింద ఏదో చచ్చినట్టుగా ఉంది. మా ఆయన ఉంటే నన్ను తిట్టేవాడు. తర్వాత చక్రం చూడటానికి దిగి, రాత్రి దాకా పైకి వచ్చేవాడు కాదు.

పొద్దుటి ఎండ వెనక వాటాలోకి పోయింది. సాయంత్రం నా గదుల్లోకి వచ్చింది.

డిసెంబరు 3

లిడియా నా వంటింట్లో నీళ్ళు తాగడానికి వెళ్ళి వచ్చింది.

"పెద్దమ్మా, మీ పచ్చడి బండ రోటి పక్కనే ఉందండి."

"ఉంటుంది."

"మరి చక్రంలో పడింది?"

"ఒకామెకు రెండు బండలు ఉండకూడదా? రాయి."

"ఏమని రాయను?"

"రెండు ఉండేవి, ఒకటి పోయింది అని."

రాసింది.

డిసెంబరు 4

పక్క వాటాలో శనివారం నుంచి నూరిన చప్పుడు లేదు. చారు వాసన తప్ప ఇంకో వాసన లేదు. పొద్దున నా బండ కడిగి నడి గోడ దగ్గర, వరండా గట్టు మీద పెట్టి వచ్చాను. అక్కడ ఎందుకు పెట్టానంటే ఎండకు.

కాసేపటికి చూస్తే లేదు. అవతల గోంగూర నూరుతున్న చప్పుడు. వెల్లుల్లి ఎక్కువ వేసింది, ఎప్పుడూ అంతే.

మధ్యాహ్నానికి బండ గట్టు మీదకు తిరిగి వచ్చింది. కడిగి ఉంది. మాటలు లేవు. కేసు నడుస్తోంది కదా.

ఇంట్లో ఉన్నది ఒకే బండ. పగిలింది ఎవరిదని ఎవరు వచ్చి అడిగినా, నాదే.